తువ్వాలు వేసిన సీటు

మూడో వరస, కిటికీ పక్క సీటు. ఆసన భారం సున్నా. యశోధర చేతిలోని ఫలకం మీద వేలితో తాకి నాలుగో వరస వైపు చూసింది. అక్కడా సున్నా. ఆ సీటు మీద ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు ఒకటి నాలుగు మడతలు వేసి ఉంది. తువ్వాలు బరువును తీరం వెంట తిరిగే ఈ బండి లెక్కలోకి తీసుకోదు.

సరుగుడు తోటల మధ్య నుంచి బండి చప్పుడు లేకుండా పోతోంది. కుడిచేతి వైపు సముద్రం పాత రోడ్డు దాకా వచ్చి ఆగింది. పటంలో ఇప్పటికీ ఊళ్ళ పేర్లతోనే ఉన్న చోట్ల నీళ్ళు నిలిచి, వాటి మధ్య తాటిచెట్ల మొండేలు తేలుతున్నట్టు కనిపిస్తున్నాయి. బండికి డ్రైవరు లేడు, కండక్టరు లేడు. స్టాపు వచ్చినప్పుడు ఒక గొంతు ఊరి పేరు చెబుతుంది. అంతకు మించి దానికి మాటలు రావు.

ఇరవై సీట్ల బండి. ఇరవై మంది ఆడవాళ్ళు ఎక్కారు. పధ్నాలుగు మంది కూర్చున్నారు. మిగిలిన ఆరుగురు పై కడ్డీ పట్టుకుని నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆరు సీట్లు ఖాళీ. ఆరింటి మీదా తువ్వాళ్ళు.

యశోధర వృత్తి ఖాళీలను నిర్ధారించడం. గమన మండలి ఏదైనా దారిలో సీట్లు వరసగా ఖాళీగా కనబడితే ఆ దారిని మడిచి ఎత్తేసే ముందు ఒక మనిషిని పంపుతుంది. ఆ మనిషి బండి ఎక్కి, ఖాళీ నిజమైనదా కాదా చూసి, మూడింటిలో ఒక మాట నొక్కాలి: ఖాళీ, నిండింది, సీటు లోపం. ఒకప్పుడు నాలుగోది కూడా ఉండేది, వ్యాఖ్య రాసే చోటు. నిర్ధారకులు అందులో కథలు రాస్తున్నారని మండలి దాన్ని తీసేసింది.

ఇన్నేళ్ళలో ఆమె చూసిన ఖాళీల్లో చాలా వాటికి కారణం భయమే. మనుషులు ఎండ పడే సీటును వదిలేస్తారు, దగ్గేవాడి పక్క సీటును వదిలేస్తారు, తమకంటే మంచి బట్టలు కట్టుకున్నవాళ్ళ పక్కనా, మాసిన బట్టలవాళ్ళ పక్కనా కూర్చోరు. రెండు సీట్లుంటే సంచీని పక్కన పెట్టుకుని, ఆ సంచీని ఎవరూ తీయమని అడగకూడదని కిటికీ బయటికి చూస్తారు. ఈ చివరి పని యశోధర కూడా చేస్తుంది. అందువల్లే ఆమెకు ఖాళీలు బాగా అర్థమవుతాయని ఆమె అనుకునేది. కానీ ఈ బండిలో నిలబడ్డవాళ్ళ ముఖాల్లో భయం లేదు. మోకాలికి సీటు తగులుతున్నా దానివైపు చూడడం లేదు. అదే ఆమెను ఇబ్బంది పెట్టింది. తనకు తెలియని ఖాళీ ఇది.

మండలికి మనుషుల ముఖాలు తెలియవు. తెలుసుకోకూడదని చట్టం ఉంది. దానికి తెలిసింది బరువు ఒక్కటే. సీటు మీద పడితే మనిషి, నేల మీద పడితే సరుకు. ఈ బళ్ళలో చేపల బుట్టలూ కొబ్బరికాయలూ కూడా పోతాయి కనుక నేలను సరుకుకు వదిలేశారు. నిలబడే మనిషిని ఊహించకుండా కట్టిన బండి ఇది. ఏ సీటు ఎంతసేపు నిండిందో దాన్నిబట్టి దారులు పుడతాయి, వెడల్పవుతాయి, మడతపడతాయి. ఇంటి గడప నుంచి ముప్పావు గంటలో చేరగలిగిన పనులే మనిషి అందుబాటు వలయంలో కనబడతాయి. దారి వేస్తే పని పుడుతుంది, దారి మడిస్తే పని పోతుంది. మధ్యలో ఎవరూ ఎవరినీ తీసేయనక్కర్లేదు. ఈ ఏర్పాటు వచ్చాక రాష్ట్రంలో పస్తులుండే ఊరు లేదన్న మాట అబద్ధం కాదు. యశోధర దాన్ని నమ్మే ఈ పనిలో చేరింది.

తీరరేఖ అనే ఈ దారి మడిస్తే తీరం వెంట నాలుగు పేటలు రొయ్యల శీతలశాల వలయంలోంచి బయట పడతాయి. బండిలో ఉన్న ఇరవై మందికీ మర్నాటికి ఆ పని కనబడదు. సాయంత్రంలోగా ఆమె మాట నొక్కాలి.

నిర్ధారణలో చివరి మెట్టు, ఖాళీ సీటులో స్వయంగా కూర్చుని చూడడం. సీటుకు బరువు తెలుస్తోందా లేదా అని. యశోధర ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫలకం మీద సున్నా చెరిగి ఆమె బరువు పడింది. సీటు బాగానే ఉంది.

మాటలు ఆగిపోయాయి.

నిలబడ్డవాళ్ళలో పెద్దావిడ, వేళ్ళ చివర్లు రొయ్యల ఉప్పుకు తెల్లబడిన మనిషి, యశోధర మీదికి కొంచెం వంగింది. ఆవిడ పేరు తవిటమ్మ అని పొద్దున్న ఎక్కేటప్పుడే ఎవరో పిలవగా యశోధర విన్నది.

"అమ్మా, అది మనిషున్న సీటు."

"ఎవరూ లేరు కదమ్మా."

"ఒస్తాది. మలుపుకాడ ఎక్కుతాది."

"వచ్చినప్పుడు లేచిపోతాను. ఒక్క నిమిషం చూడాలి, అంతే."

"ఒచ్చినాక లెగిస్తే ఏటి లాబం తల్లీ. ఇప్పుడే లెగు."

యశోధర ఆవిడ మాటలోని తొందరను గమనించింది కానీ దాన్ని తప్పుగా చదివింది. ఆచారం పట్టినవాళ్ళకు ఎప్పుడూ తొందర ఉంటుందనీ, దానికి లొంగకూడదనీ ఆమె శిక్షణలో చదువుకుంది. బండి చిన్న వంతెన దాటింది. దాటుతున్నప్పుడు సన్నగా ఒక గంట మోగింది. తవిటమ్మ నిటారుగా నిలబడి, "అయిపోనాది," అంది, ఎవరితోనూ కాకుండా.

ఉప్పుటేరు మలుపు దగ్గర బండి ఆగింది. అక్కడ ఆరుగురు నిలబడి ఉన్నారు. మోకాళ్ళ దాకా ఉప్పు పట్టిన చీరలు, చేతుల్లో అంబలి క్యాన్లు. చీకటితో లేచి ఉప్పు మళ్ళలో ఒక పని ముగించి వచ్చినట్టు చూడగానే తెలుస్తోంది. ఒకరు ఎక్కారు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు. ఆరో మనిషి పాదం ఎత్తగానే ఆమె ముందు అడ్డకడ్డీ దిగింది.

వంతెన దగ్గర గంట మోగినప్పుడే బండి సీట్లు లెక్కేసుకుంటుందని, ఎన్ని ఖాళీలుంటే అంతమందినే ఎక్కించుకుంటుందని యశోధరకు తెలుసు. ఆ నిబంధన ఆమె చదివింది. కానీ దాన్ని ఒక పాదం మీద దిగుతుండగా ఎప్పుడూ చూడలేదు.

బయట ఉన్నామె కేక వేయలేదు. ముప్పై దాటని మనిషి. ఎత్తిన పాదం దించి, లోపల ఎవరు కూర్చున్నారో చూసింది. ఆ చూపులో కోపం ఉంటే యశోధరకు సులువుగా ఉండేది. అది లెక్క చూసుకునే చూపు: ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు ఎవరి ఒళ్ళో ఉందో చూసే చూపు. బండి కదిలింది.

యశోధర లేచి నిలబడింది. తవిటమ్మ ఆమె చేతిలోంచి తువ్వాలు తీసుకుని, నాలుగు మడతలు వేసి, సీటు మీద పరిచింది. శీతలశాల వచ్చేదాకా దానిలో ఎవరూ కూర్చోలేదు. తన ఉద్యోగ జీవితంలో నిజంగా ఖాళీ అయిన సీటు ఇదొక్కటేనని ఆమెకు అనిపించింది. దాన్ని ఖాళీ చేసింది తనే.

*

మధ్యాహ్నం భోజనాలకు శీతలశాల బయట రేకుల షెడ్డు ఉంది. యశోధర అక్కడ కూర్చుని ఉండగా పొద్దున్న మలుపు దగ్గర మిగిలిపోయిన ఆ మనిషి గట్టు మీంచి నడిచి వచ్చింది. కాళ్ళకు బురద ఎండి పెచ్చులు కట్టింది. గేటు పొద్దున్నే మూసుకుపోతుంది, మధ్యలో తెరుచుకోదు. అయినా ఎందుకు వచ్చిందో యశోధరకు అర్థం కాలేదు. ఆమె నేరుగా వచ్చి బల్ల మీద చివర కూర్చుంది.

"బాగా కూకున్నారా?" అంది.

యశోధర ఆమె వైపు తిరిగింది. "నాకు తెలియలేదు. క్షమించండి."

"అబ్బే, సీటు మెత్తగా ఉన్నాదా అని అడుగుతున్నాను. నా సీటే గదా. బాగుంటాది. కిటికీ పక్కన, గాలొస్తాది."

"మీ పేరు?"

"దమయంతి."

"ఇప్పుడొచ్చినా గేటు తీయరు కదా. ఎందుకు నడిచి వచ్చారు?"

"ఇంటికెల్తే అత్త అడుగుతాది, ఏటయిందని. ఇక్కడికొస్తే ఎవులూ అడగరు. అందరికీ తెలుసు." క్యాను మూత తీసి చోడంబలి గుక్కెడు తాగింది. "ఇంకోపాలి ఇలాగయితే వలయంలోంచి నన్ను తీసెస్తాది. రెండైపోనాయి. మొదటిది పిల్లకి జొరం."

లోపలి నుంచి ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఎవరూ యశోధరకు దూరంగా జరగలేదు. ఆ సంగతి ఆమె గమనించింది, తన అలవాటు కొద్దీ. తవిటమ్మ ఆమె ముందు ఒక ఆకులో అన్నమూ ఎండురొయ్యల పొడీ పెట్టింది.

"ముందు మావూ అందరం కూకునేవాళ్ళం," అంది తవిటమ్మ, అడగకుండానే. "మొదటి స్టాపులోనే బండి నిండిపోయీది. మలుపుకాడికి వొచ్చేసరికి ఆగీది కాదు. ఆల్లు అలాగ నిలబడి సూస్తుంటే మావు కిటికీలోంచి సూసీవోళ్ళం. పెద్ద బండి ఎయ్యమని అడిగితే, నిండిన సీట్లు ఇరవయ్యే గదా, ఇరవై సీట్ల బండి సాలు అన్నారు."

"అది ఎక్కనివాళ్ళని ఎలా లెక్కపెడతాది?" అంది పక్కన ఉన్న సన్నటి ఆవిడ. ఆమెను అందరూ చిన్నమ్మడు అంటున్నారు. "ఎక్కితేనే గదా బరువు."

"అప్పుడు మా అమ్మ సెప్పింది," అంది తవిటమ్మ. "పాతరోజుల్లో ఎర్రబస్సు ఒస్తే కిటికీలోంచి తువ్వాలు ఇసిరీవోరంట. తువ్వాలు పడిందంటే ఆ సీటు ఆలదే. బస్సుకేం తెలుసు? మనుషులకి తెలుస్తాది. సీటు మీద తువ్వాలుంటే కొట్లాడైనా సరే ఎవులూ కూకోరు. అలాగ మావు ఆరుగురు నిలబడిపోతాం, వంతులేసుకుని. సీట్లు ఖాళీ అనుకుని బండి ఆగుతాది. ఆల్లు తెల్లారగట్ల నుంచి ఉప్పులో నిలబడినోళ్ళు. కూకోవాలి. సాయింత్రం ఆల్లు నిల్సుంటారు, మావు కూకుంటాం."

ఎంత సాదా పరిష్కారం అనిపించింది యశోధరకు. అదే ఈ దారిని చంపుతోంది. ప్రయాణంలో ముప్పాతిక భాగం ఆరు సీట్లు ఖాళీగా కనబడుతున్నాయి. కూర్చుంటే ఆ ఆరుగురు పోతారు. నిలబడితే అందరూ పోతారు.

ఆమె దాచలేదు. సాయంత్రం తాను ఏం నొక్కాలో, నొక్కితే ఏమవుతుందో చెప్పింది. చెప్పకూడదని నిబంధన ఉంది.

"ఇక్కడ మనుషులు తక్కువ, సరుకు ఎక్కువ అనుకుంటోంది మండలి. మీరు నిలబడితే దానికి నేల భారం కింద కనబడతారు. సరుకు కింద."

చిన్నమ్మడు ఆకు మడిచింది.

"ఏం సరుకు?" అంది.

"అంటే?"

"రొయ్యలా, కొబ్బరికాయలా? ఏం సరుకనుకుంటోంది మమ్మల్ని?"

"ఎండుచేపలు," అంది దమయంతి. "మన వొయసుకి అదే."

"నీ వొయసుకి పచ్చిచేపలేనే. అందుకే నిన్ను బయట పారీసింది."

అందరూ నవ్వారు. దమయంతి కూడా నవ్వింది, కానీ క్యాను మూత బిగించేటప్పుడు ఆమె చెయ్యి రెండుసార్లు తప్పింది. ఆ చెయ్యిని యశోధర తరువాత చాలాసేపు మరిచిపోలేదు.

*

మూడు గంటలకు చెవికున్న పరికరంలో శేషగిరి గారు పలికాడు. ఆయన మండలిలో ఆమె పై అధికారి. ఎప్పుడూ గొంతు పెంచడు. మంచివాడని ఆమె అభిప్రాయం, ఇప్పటికీ.

"యశోధర గారూ, తీరరేఖ మాట ఇంకా రాలేదు."

"ఖాళీ కాదండీ అది." జరిగింది చెప్పింది.

ఆయన అడ్డు రాకుండా విన్నాడు. "బాగుంది. తెలివైనవాళ్ళు. ఏం నొక్కుతారు?"

"నిండింది అని నొక్కితే ఆ సీట్లు నిండినట్టే లెక్కలోకి పోతాయి. రేపటి నుంచి మలుపు దగ్గర బండి ఆగదు."

"లోపం అనండి. సీట్లు మారుస్తారు."

"మార్చేదాకా బండి రాదు. మార్చాక ఇదే మళ్ళీ."

"మరి ఖాళీయే." ఆయన అన్నాడు: "ఇంకో సంగతి కూడా చూడండి. ఈ బండి ఇక్కడ మడిస్తే కొండదారిలో కలుపుతారు. అక్కడ మూడు గూడేలవాళ్ళు జీడిపప్పు కార్ఖానా కోసం రెండేళ్ళుగా ఎదురు చూస్తున్నారు. వాళ్ళూ మనుషులే. మీరు వాళ్ళను చూడలేదు కాబట్టి మీకు వీళ్ళు బరువుగా ఉన్నారు."

అది నిజం. ఆయన అన్నదాంట్లో తప్పు దొరకలేదు. దగ్గరున్న ముఖం దూరపు ముఖాన్ని చెరిపేస్తుంది, అందుకే ముఖాలు లేని మండలిని మనం కట్టుకున్నాం. శిక్షణలో మొదటి పాఠం అదే: ఖాళీని చూసి జాలిపడకు.

"ఆలోచిస్తాను," అంది.

"మీరు ఆలోచించడానికి మూడు మాటలే ఉన్నాయమ్మా. ఎక్కువసేపు పట్టకూడదు."

ఆమె షెడ్డులో ఒంటరిగా మిగిలింది. లోపల కత్తుల చప్పుడు. తన ఇంట్లో రెండు కుర్చీలున్నాయి. రెండో కుర్చీ మీద ఉతికిన బట్టలు పడేస్తుంది, మడత పెట్టకుండా, నెలల తరబడి. ఎవరైనా వస్తే తీయవచ్చు కదా అనుకుంటూ ఉంటుంది. ఆ బట్టలు ఎవరూ రాకుండా కాపలా కాస్తున్నాయని ఇప్పుడు తోచింది. ఆమెకూ తువ్వాలు వేయడం తెలుసు, ఇన్నేళ్ళూ. ఎవరి కోసమో కాదు, ఎవరికీ దక్కకుండా.

*

సాయంత్రం బండి వచ్చేసరికి శీతలశాల స్టాపులో తోపులాట లేదు. తవిటమ్మ మెట్టు పక్కన నిలబడి అజమాయిషీ చేస్తోంది.

"నిల్సునేవోళ్ళు ముందు. కూకునేవోళ్ళు ఎనక్కి. ఒలే, నువ్వు ఎనక్కెక్కడికే, పొద్దుట మలుపుకాడ ఎక్కి కూకున్నావు."

కూర్చునేవాళ్ళు ముందెక్కితే ఇరవై సీట్లు నిండి కడ్డీ దిగిపోతుంది. నిలబడేవాళ్ళు ముందెక్కి నిలబడితే, బండికి ఇంకా సీట్లన్నీ ఖాళీయే. ఉప్పు మళ్ళవాళ్ళు ఆరుగురూ ఎక్కి కడ్డీ పట్టుకున్నారు. వాళ్ళలో దమయంతి కూడా ఉంది. తరువాత చిన్నమ్మడు ఎక్కి వాళ్ళ పక్కన నిలబడింది.

"నీది కూకునే వంతు గదే," అంది దమయంతి.

"ఒక మనిషి ఎక్కువయిందిగా ఈపూట. పోనీలే, ఒకపూట సరుకునైపోతాను."

యశోధర చివర ఎక్కింది. నాలుగో వరసలో కిటికీ పక్క సీటు మీద ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు ఉంది. ఆమె పక్కన ఆగి కడ్డీ పట్టుకుంది.

"కూకోండి," అంది దమయంతి.

"ఇది మీది."

"పొద్దుట నాది. పొద్దుట నిల్సున్నోళ్ళకి సాయింత్రం సీటు. మీరు మలుపుకాడి నుంచి నిల్సునే ఉన్నారంట, పెద్దమ్మ సెప్పింది."

"నేను కూర్చోవడం వల్లే కదా మీరు..."

"అది పొద్దుటి లెక్క," అంది దమయంతి. "ఇది సాయింత్రం లెక్క. కూకోండి, బండి కదుల్తాది."

యశోధర తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫలకం మీద ఆమె బరువు పడింది, పొద్దున్న పడ్డ అంకే. మండలికి ఈ రెండు కూర్చోవడాలకూ తేడా తెలియదు. తనకోసం ఎవరైనా చోటు పట్టి ఉంచడం ఎప్పుడు జరిగిందో ఆమె గుర్తు తెచ్చుకోబోయి మానేసింది. ఇది జాలి కాదు. జాలి అయితే ఆమె లేచి ఉండేది. వాళ్ళ వంతుల్లో ఆమెకు ఒక వంతు వచ్చింది, అంతే. అందుకే అది తట్టుకోవడం కష్టమైంది.

ఫలకం అడిగింది: ఖాళీ, నిండింది, సీటు లోపం.

ఆమె మూడింటినీ చూసింది. మూడూ సీట్ల గురించే. సీటు గురించి ఎన్ని మాటలు చెప్పినా నిలబడ్డవాళ్ళు వాటిలోకి రారు. ఏం సరుకు, అని చిన్నమ్మడు అడిగిన ప్రశ్న అప్పుడు మళ్ళీ వినబడింది, నవ్వు లేకుండా. మధ్యాహ్నం దానికి తాను జవాబు చెప్పలేదు.

ఆమె సీట్ల పుట మూసి, నేల భారం పుట తెరిచింది. నిర్ధారకులు ఆ పుట తెరవరు. సరుకు వాళ్ళ పని కాదు, కానీ తెరవకూడదన్న నియమమూ లేదు. సరుకు రకం అన్నచోట మాత్రం మండలి ఇంకా మనుషుల చేతిరాతను ఒప్పుకుంటుంది. రాష్ట్రంలో మనుషులు మోసుకుపోయే వస్తువులన్నిటికీ ముందుగా పేర్లు పెట్టడం ఎవరివల్లా కాలేదు. చీపుళ్ళు, జీడిపిక్కలు, దేవుడి గొడుగులు, తేనెపట్లు, అన్నీ ఎవరో ఒకరు రాసినవే. తీరరేఖ, సాయంత్రపు బండి, నేల భారం. రకం: తెలియదు.

ఆమె అక్కడ రాసింది: మనుషులు.

పరిమాణం అడిగింది. కింద బస్తా, బుట్ట, పెట్టె, టన్ను అని ఉన్నాయి. నాలుగూ కొట్టేసి, ఏడుగురు, అని రాసింది.

సరుకు కొత్త రకం, ఖాయమా, అంది ఫలకం. అబద్ధమైతే నిర్ధారకురాలి హోదా రద్దు. నిజమైతే ఏమవుతుందో దానికి తెలిసినట్టు లేదు. యశోధరకు మాత్రం లీలగా తెలిసింది. ఈ ఒక్క బండిలో నేల భారం మనుషులైతే, మిగిలిన ఏ బండిలోనూ అది సరుకేనని చెప్పడానికి మండలి దగ్గర ఆధారం లేదు. కొండదారి గూడేలకు ఎంత అవసరమో, రేవుకు ఎంత అవసరమో, ఆ లెక్కలన్నీ నేల భారం సరుకేనన్న నమ్మకం మీదే నిలిచి ఉన్నాయి. కొండవాళ్ళ బండి కొన్నాళ్ళు ఆలస్యమవుతుంది. తన హోదా పోతే తను ఉండే నగరం కూడా తన వలయంలోంచి పోతుంది, రెండు కుర్చీలతో సహా. ఆమె తల తిప్పి దమయంతి చెయ్యి వైపు చూసింది. కడ్డీ మీద ఆ చెయ్యి స్థిరంగా ఉంది.

ఖాయం, అని నొక్కింది.

కాసేపు ఏమీ జరగలేదు. సరుగుడు చెట్లు వెనక్కి పోతున్నాయి. మలుపుకు ఇవతల ఉన్న ఇంకో వంతెన దగ్గర గంట మోగలేదు. వంతెన మధ్యలో బండి నెమ్మదించి, పూర్తిగా ఆగి, తలుపులు తెరుచుకుంది. ఉప్పునీటి వాసన లోపలికి వచ్చింది.

ఫలకం మీద ఒకదాని కింద ఒకటి వరసలు పడుతున్నాయి. తీరరేఖ: నేల భారం స్వభావం తిరిగి నిర్ధారించాలి. రేవుదారి: తిరిగి నిర్ధారించాలి. డెల్టా. కొండదారి. పడమటి మెట్ట. పైవి జరిగిపోయి కిందవి వస్తున్నాయి.

"ఏం రాశారు మీరు?" చెవిలో శేషగిరి గారు. ఈసారి కూడా గొంతు పెంచలేదు.

"సరుకు రకం రాశానండీ."

"అన్నిచోట్లా ఆగిపోయాయి. కొండదారితో సహా."

"అక్కడ నేల మీద ఎవరున్నారో మీకు తెలుసా?"

వెనక ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు.

"తెలియదు," అన్నాడాయన. "మనం ఎప్పుడూ అడగలేదు." తరువాత చెవిలో నిశ్శబ్దం. అది ఆయన పెట్టేసిన నిశ్శబ్దమో, తన హోదా పోయిన నిశ్శబ్దమో ఆమెకు తెలియలేదు.

బండి గొంతు పలికింది. స్టాపుల పేర్లు చెప్పే గొంతే. కానీ ఇప్పుడు ముందు ఏ ఊరూ లేదు.

"నేల మీద ఉన్నది ఏమిటి? తెలపండి."

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తవిటమ్మ సీటులోంచి సగం లేచి యశోధరను చూసింది. యశోధర నిలబడ్డవాళ్ళ వైపు తల తిప్పింది. ఇది ఆమె చెప్పవలసింది కాదు.

"ఎవుల్ని అడుగుతున్నాది?" అంది చిన్నమ్మడు మెల్లిగా.

"మనల్నే," అంది దమయంతి. ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో వెతికి, తలుపు మీది చిన్న జల్లెడ దగ్గరికి ముఖం తీసుకెళ్ళింది. పొద్దున్న కడ్డీ దిగిన చోటు అది. "నాను," అంది. "దమయంతిని."

"ఈ సరుకు జాబితాలో లేదు. మళ్ళీ తెలపండి."

"నేకపోతే రాసుకో," అంది చిన్నమ్మడు వెనక నుంచి.

ఎవరూ నవ్వలేదు. ఉప్పు మళ్ళవాళ్ళలో ఇంకొకరు ముందుకు జరిగి తన పేరు చెప్పారు. ఆ తరువాత ఇంకొకరు. బండి ప్రతిసారీ అదే మాట అంటోంది, ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా. తలుపులు మూసుకోలేదు.

యశోధర ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు నాలుగు మడతలు వేసింది. లేచి, దాన్ని సీటు మీద పరిచి, అటు నడిచి కడ్డీ పట్టుకుంది. ఫలకం మీద నాలుగో వరస, కిటికీ పక్క సీటు: ఆసన భారం సున్నా. నేల భారం ఒక మనిషంత పెరిగింది.

"నేల మీద ఉన్నది ఏమిటి?" అని అడిగింది బండి.

పక్కన ఉన్నవాళ్ళు ఆమె కోసం ఆగారు.